అందఱి కాలిబాట

ఇంగ్లండు దేశమున ఒక కుటుంబము సెలవుదినమున పల్లెసీమకు బయలుదేఱినచో, వారి సంచిలో తప్పక కానవచ్చు వస్తువులు నాలుగు: రొట్టెముక్కల పొట్లము, వేడి తేనీరు పోసిన ఫ్లాస్కు, వానకోటులు, మడతలు నలిగిన ఒక పటము. నడివేసవి అయినను వానకోటును ఇంట వదలిపోవు సాహసము ఆ దేశస్థులు చేయరు. రొట్టెయు తేనీరును దారిలోని ఏ అంగడిలోనైనను దొరకవచ్చును. కాని ఆ పటమున ఏమున్నదో తెలియనిచో, ఆ దేశపు పల్లెవిహారము ఎట్టిదో బోధపడదు.

ఆర్డినెన్స్ సర్వే అను ప్రభుత్వ సంస్థ 1791వ సంవత్సరమునుండి ఆ దేశమును కొలుచుచు పటములు వ్రాయించుచున్నది. నడకకు పోవువారు కొను పటముపై రోడ్లు, ఏర్లు, చర్చి గోపురములే గాక, పొలములకు అడ్డముగా, అడవుల అంచుల వెంబడి, ఒక్కొక్కచోట ఇండ్ల పెరళ్లను ఒరసికొనుచు సాగు సన్నని పచ్చగీతలు కానవచ్చును. అవి ప్రజల కాలిబాటలు. గుఱ్ఱములు పోదగిన దారులను కూడ చేర్చినచో, ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో వాని మొత్తము పొడవు సుమారు 1,40,000 మైళ్లు. భూమి ఎవరిదైనను ఆ గీతమీద నడచు హక్కు అందఱికిని కలదు. ధనవంతునకును కలదు, కూలివానికిని కలదు, తల్లి చేయి పట్టుకొని తప్పటడుగులు వేయు బిడ్డకును కలదు. టిక్కెట్టు కొననక్కఱలేదు. భూస్వామి అనుమతి వేడనక్కఱలేదు.

ఆ దేశపు పల్లెపట్టులలో చూడదగిన వింతలేవియని అడిగినవారికి ప్రయాణసంస్థల కరపత్రములు కోటలను, ప్రభువుల భవనములను, సింహములు తిరుగు వనములను పేర్కొనును. అవియు చూడదగినవే. అయినను, వానియన్నింటికంటె గొప్ప వింత ఆ పచ్చగీత. ఇతరుల పచ్చికబయలు నడుమ, ఇతరుల గోధుమచేని నడుమ, ఎవని దయకును చేయి చాపక ఒక కూలివాని కుటుంబము తలయెత్తి నడచిపోగలుగుట సామాన్యమైన సంగతి కాదు. కోటలు లేని దేశము లేదు. ఇట్టి బాటలు ఇంత దట్టముగా అల్లుకొన్న దేశములు మిక్కిలి తక్కువ.

బాటకు రాతిగోడ అడ్డము వచ్చినచో అచ్చటివారు గోడను కూల్చరు, బాటను మానరు. గోడకు ఇరువైపుల రెండు మూడు మెట్లు అమర్తురు. దీనికి స్టైల్ అని పేరు. మనుష్యుడు ఎక్కి దిగును, గొఱ్ఱె దాటలేదు. మఱికొన్నిచోట్ల ఒకరి వెనుక ఒకరు మాత్రమే తిరిగి పోవలసిన చిన్న ఊగుతలుపు ఉండును. పిల్లలకు ఆ దినమున దక్కు వినోదములో సగము ఈ మెట్లమీదను ఈ తలుపులయొద్దను కలుగుననుట అతిశయోక్తి కాదు. తక్కిన సగము బురదలో కలుగును.

ఋతువునుబట్టి విహారము మాఱును. ఏప్రిలు చివరను, మే నెలలోను అడవిచెట్లక్రింద నేల కానరాకుండ బ్లూబెల్ అను నీలిపూలు పూచును. వాని కొఱకే కుటుంబములు కదలి వచ్చును. నడివేసవిలో కొందఱు స్ట్రాబెర్రీ రైతులు జనులను తోటలోనికి రానిచ్చి, ఎవరు కోసికొన్నది వారికి తూచి అమ్ముదురు. కోయుచు కోయుచు పిల్లలు నోట వేసికొన్న పండ్లకు లెక్క కట్టుట కష్టము. తెలిసిన రైతు చూచియు చూడనట్లే ఉండును. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కంచెపొదలనిండ బ్లాక్‌బెర్రీ పండ్లు నల్లబడును. పిల్లలు చేతులకును పెదవులకును ఊదారంగు పూసికొని ఇండ్లకు మరలు దినములవి.

కంచె ఒకరిది, పండు మఱియొకరి నోట. ఇది దొంగతనము కాదా యని ప్రశ్న పుట్టవచ్చును. 1968వ సంవత్సరపు దొంగతనముల చట్టము దీనికి బదులు చెప్పుచున్నది. తనంత తాను మొలచిన మొక్కనుండి పూవునో, పండునో, ఆకునో, లేక అడవిపుట్టగొడుగునో అమ్మకమునకు గాక తన వాడుకకై కోసికొన్నవాడు దొంగ కాడు. అమ్ముకొనుటకై కోసినవాడు దొంగయగును. మొక్కను వేళ్లతో పెఱుకుట మఱియొక మాట. భూమి యజమాని అనుమతి లేక అట్లు చేయుట 1981వ సంవత్సరపు వన్యప్రాణి, గ్రామసీమల చట్టము ననుసరించి నేరము. పిల్లవాని దోసిట నున్న పండ్లకును, వ్యాపారి గంపలోని పండ్లకును భేదమున్నదని చట్టము గుర్తించుట చూడ ముచ్చటగ నున్నది.

1981వ సంవత్సరపు ఆ చట్టముననే ఆబోతు ప్రసక్తియు కలదు. కాలిబాట సాగు పొలములో పదినెలలు దాటిన పాడిజాతి ఆబోతును విడువరాదు. ఇతరజాతుల ఆబోతును ఆవులతోగాని పెయ్యలతోగాని కలిపి విడువవచ్చును, ఒంటరిగా విడువరాదు. పార్లమెంటు ఆబోతుల స్వభావమునుగూర్చి చట్టము చేయుట నవ్వు పుట్టింపవచ్చును గాని, ఇద్దఱు పిల్లలతో పొలము దాటు తల్లికి అది నవ్వులాట కాదు.

రైతుకును హక్కులు కలవు. చేనికి అడ్డముగా సాగు బాటను అతడు పైరుకొఱకు దున్నుకొనవచ్చును. కాని దున్నిన 14 దినములలోగా ఆ బాటను మరల నడువదగినట్లు చదును చేయవలెను. పైరు ఎదిగిన పిదప చేని నడుమ కనీసము ఒక మీటరు వెడల్పున కాలిబాటను విడిచియుంచవలెను. నడుమెత్తు గోధుమలమధ్య ఆ మీటరు దారి ఎట్లు ఏర్పడినదో తెలియనివానికి అది వట్టి ఖాళీ చాలుగా తోచును. తెలిసినవానికి అది ఒక పెద్ద వివాదము ముగిసినచోట గీసిన గీత.

ఏలయన ఆ హక్కు సులభముగా లభించినది కాదు. 18వ శతాబ్దపు నడుమనుండి 19వ శతాబ్దపు నడుమవఱకు పార్లమెంటు చేసిన వేలకొలది ఆవరణచట్టములచేత ఊరుమ్మడి బీళ్లకు కంచెలు పడి, అవి సొంత ఆస్తులయ్యెను. ఊరివారు ఆవును మేపుకొన్న బీడును, పుల్లలేఱుకొన్న అడవియు వారికి కాకుండ పోయెను. ఇంచుమించు అదే కాలమున మాంచెస్టరు, షెఫీల్డు, బర్మింగుహాము పట్టణములు మిల్లులతోను పొగగొట్టములతోను నిండెను. మంచిగాలి కోరువారు పెరుగుచుండగా, అది దొరకు చోటులు తఱుగుచుండెను.

సెలవు అనునదియు కూలివానికి మెల్లమెల్లగనే వచ్చెను. 1841వ సంవత్సరము జూలై 5వ తేదీన థామస్ కుక్ అను మద్యనిషేధప్రచారకుడు లెస్టరునుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని ప్రత్యేకపు రైలులో మనిషికి ఒక షిల్లింగు చొప్పున తీసికొనిపోయెను. జనులను మధుశాలలనుండి మరల్చుటకై అతడు ప్రారంభించిన పని, పిదప ప్రపంచప్రసిద్ధమైన యాత్రావ్యాపారమయ్యెను. 1871లో సర్ జాన్ లబ్బక్ ప్రయత్నమున బ్యాంకు సెలవుల చట్టము వచ్చెను. జీతము నష్టపడని సెలవునకు 1938వ సంవత్సరపు చట్టము దారి తీసెను.

రైలు పల్లెలకు పోవుట అందఱికిని సమ్మతము కాలేదు. సరస్సుల సీమలోని విండర్మియరుకు రైలుమార్గము వేయదలచినప్పుడు, 1844లో దానిని గట్టిగా ఎదిరించినవారిలో మహాకవి వర్డ్‌స్వర్త్ ముఖ్యుడు. మూకలు వచ్చినచో ఆ సీమయొక్క ప్రశాంతి చెడునని అతడు భయపడెను. ప్రకృతిసౌందర్యము నాస్వాదించు సంస్కారము పట్టణపు శ్రామికునకు ఒక్కనాటి యాత్రతో అబ్బునదికాదని అతని అభిప్రాయము. ఆ కవియే అంతకు చాలకాలము క్రిందట తాను వ్రాసిన మార్గదర్శికలో ఆ సీమను ఒకవిధమగు జాతీయసంపదగా భావించియుండుట విచిత్రము. రైలు 1847లో వచ్చెను. ఆ కవి భయములో కొంత సత్యము లేకపోలేదు. వేసవిలో ఆ సరస్సుల తీరముల రోడ్లపై నిలిచిపోవు కార్లవరుస నేటికిని దానికి సాక్ష్యము పలుకును. కాని, సౌందర్యమును ఆస్వాదించు సంస్కారము ముందు కలుగవలెను, దర్శనము పిదప కావలెననుట న్యాయము కాదు. చూడనిదే సంస్కారము ఎట్లు కలుగును? ఈత వచ్చినగాని నీటిలో దిగరాదనుటవంటి మాట యది.

కవి వెఱచిన పనిని కొందఱు మఱియొక మార్గమున చక్కబెట్టిరి. లండనులోని పేదల ఇండ్లను బాగుచేయుటకై జీవితమును ధారపోసిన ఆక్టేవియా హిల్ అను మహిళ, సర్ రాబర్ట్ హంటర్ అను న్యాయవాది, కానన్ రాన్స్‌లీ అను మతాచార్యుడు కలసి 1895లో నేషనల్ ట్రస్టు అను సంఘమును స్థాపించిరి. ఇరుకుగదులలో నివసించు పేదలకు ఆరుబయలే కూడలిగది కావలెనని ఆక్టేవియా హిల్ వాదించుచుండెడిది. ఆ సంఘము 1896లో సస్సెక్సు సీమలోని ఆల్‌ఫ్రిస్టన్ గ్రామమున శిథిలమగుచున్న ఒక పాత ఇంటిని పది పౌనులకు కొనెను. అది దాని మొదటి భవనము. 1902లో డర్వెంట్‌వాటరు సరస్సు ఒడ్డునగల బ్రాండెల్‌హౌ అడవి అమ్మకమునకు రాగా, దానిని ప్రజలచందాలతో కొని ప్రజలకే విడిచిరి. ఆ చందాలలో ఒకటి రెండు షిల్లింగులకు మించి ఈయలేని శ్రామికుల పైకమును కలదు. పిల్లలకు కుందేటి కథలు వ్రాసి పేరొందిన బియాట్రిక్స్ పాటర్, ఆ కథలవలన వచ్చిన ధనముతో సరస్సుల సీమలో ఒక్కొక్క పొలమే కొని, 1943లో మరణించునాటికి 4,000 ఎకరములకు పైగా ఆ సంఘమునకు వ్రాసియిచ్చెను. నేడు ఆ కొండలలో తిరుగు పిల్లలలో ఎందఱో, తాము చదివిన కథపుస్తకము వెల తమ కాలిక్రింది నేలగా మాఱినదని యెఱుగరు.

దానము ఒక మార్గము. పట్టుదల మఱియొక మార్గము. ఇంగ్లండు నడుమ, మాంచెస్టరు, షెఫీల్డు నగరముల మధ్య కిండర్ స్కౌట్ అను ఎత్తైన బీడుకొండ కలదు. అది 2,000 అడుగులకు మించినది. హెదర్ పొదలతోను నల్లని పీటునేలతోను నిండినది. పట్టణపు మిల్లులలో పనిచేయువారికి అది కనుచూపుమేరలోనే యుండెను. కాని కాలు మోపరానిదై యుండెను. అందు గ్రౌస్ అను పక్షులను పెంచి, ఏటేట కొన్ని దినములు వేటాడుట భూస్వాముల వినోదము. ఆ కొన్ని దినముల వేటకొఱకు సంవత్సరమంతయు వేటకావలివారు కఱ్ఱలతో కాపుకాయుచుండిరి. అక్రమముగ ప్రవేశించువారు శిక్షింపబడుదురని బల్లలు వ్రేలాడుచుండెను. నిజమునకు ఇతరుల నేలపై ఊరక నడచుట ఆ దేశమున సామాన్యముగ నేరము కాదు. నష్టపరిహారమునకు దావా వేయదగిన తప్పిదము మాత్రమే. అందుచేతనే ఆ బల్లలను చెక్కపై వ్రాసిన అబద్ధములని తెలిసినవారు ఎగతాళి చేయుచుండిరి.

1932వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీ ఆదివారమున సుమారు 400 మంది యువతీయువకులు హేఫీల్డు గ్రామమునుండి బయలుదేఱి, పాటలు పాడుచు ఆ కొండ నెక్కిరి. వారి నాయకుడు బెన్నీ రోత్మన్ అను ఇరువదేండ్ల యువకుడు. కొండచరియపై కావలివారికిని వీరికిని కొంత పెనుగులాట జరిగెను. షెఫీల్డునుండి వచ్చిన మఱియొక గుంపును పైన కలిసికొని, అందఱును దిగివచ్చు సమయమున పోలీసులు కొందఱిని నిర్బంధించిరి. డర్బీ న్యాయస్థానమున ఐదుగురికి రెండునెలలు మొదలు ఆఱునెలలవఱకు కారాగారశిక్ష పడెను. శిక్ష నడచినందుకు కాదు, అల్లరిమూకగా కూడినారని. కాని కొండమీద నడచినందుకు పిల్లలను చెఱలో పెట్టిరనియే దేశమంతట జనులు చెప్పుకొనిరి.

ఈ కథను చెప్పువారు, ఆ ఒక్క ఆదివారముతోనే తలుపులన్నియు తెఱచుకొన్నట్లు వర్ణించుట కలదు. అది సరికాదు. పాతవగు నడకసంఘముల పెద్దలలో చాలమంది ఆ దినపు చర్యను మెచ్చలేదు. సంప్రదింపులు చెడునని విసుగుకొనిరి. ఆ సంవత్సరముననే, ఇరువదేండ్లు అడ్డులేక జనులు నడచిన బాటను ప్రజలబాటగా ఎంచవచ్చునని పార్లమెంటు చేసిన చట్టము వెనుక అట్టి పెద్దల అనేకవత్సరముల ఓర్పు కలదు. యుద్ధకాలమున జాన్ డవర్ అను వాస్తుశిల్పి జాతీయోద్యానములపై నివేదిక వ్రాసెను. అది 1945లో వెలువడెను. ఆ పునాదిపై 1949వ సంవత్సరపు చట్టము వచ్చెను. ఆ చట్టముచేతనే ప్రతి జిల్లాలోని బాటలను వెదకి పటమున కెక్కించు పని మొదలయ్యెను. ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్టు 1951లో ఆ దేశపు మొదటి జాతీయోద్యానమయ్యెను. కొండనెక్కిన యువకులు లేనిచో పెద్దల ఓర్పు ఎన్నాళ్లు సాగియుండెడిదో. పెద్దల ఓర్పు లేనిచో యువకుల కేక గాలిలో కలిసియుండెడిదేమో. ఇద్దఱికిని ఋణపడియుండుట మంచిది.

జాతీయోద్యానమనగానే మన దేశమున పులులను కాపాడు అభయారణ్యము మనస్సునకు వచ్చును. ఇంగ్లండున దాని యర్థము వేఱు. అచ్చటి పది జాతీయోద్యానములలోను ఊళ్లున్నవి, బడులున్నవి, గొఱ్ఱెలమందలున్నవి. భూమిలో అధికభాగము రైతులదో, ఇతర భూస్వాములదో. ప్రభుత్వము ఆ నేలను కొనలేదు. దాని అందము చెడకుండ కట్టడములకు హద్దులు ఏర్పఱచి, జనుల రాకపోకలకు దారి కల్పించినది.

ఇక టిక్కెట్టు కొని చూడవలసిన వింతలు. వీనిని తృణీకరించుట తగదు. వీని వెనుకను చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము మరణపన్నులు హెచ్చి, పెద్దభూస్వాములు తమ భవనములను నిలుపుకొనలేక పోయిరి. విల్ట్‌షైరు సీమలోని లాంగ్‌లీట్ భవనప్రభువు 1949లో తన ఇంటి తలుపులు తెఱచి జనులవద్ద రుసుము పుచ్చుకొనసాగెను. 1966లో ఆయన తోటలోనికి సింహములు వచ్చెను. కారు అద్దములు మూసికొని సింహములనడుమ పోవు ఆ వేడుకకు ఆఫ్రికా వెలుపల అదియే మొదటి చోటు. ఇంగ్లీషు పచ్చికబయలులో సింహము ఏల యని అడుగవచ్చును. పైకప్పు కాఱకుండ పెంకులు వేయించుటకు! డెవన్‌షైరు డ్యూకుల చాట్స్‌వర్త్ భవనమునకును అట్టి అవస్థయే పట్టెను. 1950లో డ్యూకు మరణింపగా ఆస్తిపై నూటికి 80 వంతులు పన్ను పడెను. వారి మఱియొక భవనమగు హార్డ్‌విక్ హాల్ 1959లో నేషనల్ ట్రస్టు వశమయ్యెను. కిండర్ స్కౌట్ కొండ ఒకనాడు ఈ డ్యూకులదే. ఒకప్పుడు జనులను కొండనుండి తఱిమిన వంశము పిదప జనుల టిక్కెట్లతో ఇల్లు నిలుపుకొనెను. 2002లో, ఆ కొండయాత్రకు డెబ్బది యేండ్లు నిండిన సభకు నాటి డ్యూకు స్వయముగా వచ్చి, తన తాత చేసిన పనికి బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనెను. అట్టి మాట చెప్పుటకు కొండ నెక్కుటకంటె తక్కువ ధైర్యము చాలదు.

అయినను టిక్కెట్టునకు ఒక దోషము కలదు. అది ప్రారంభమున చిన్నదై క్రమముగ పెరుగును. స్టోన్‌హెంజ్ అను ప్రాచీనశిలావలయమును 1915లో సెసిల్ చబ్ అనునతడు వేలములో 6,600 పౌనులకు కొని, 1918లో జాతికి దానము చేసెను. జనులవద్ద ఒక షిల్లింగునకు మించి పుచ్చుకొనరాదని నియమము పెట్టెను. ఆ షిల్లింగు మాట ఇప్పుడు చరిత్రలోనే మిగిలినది. 1977నుండి సామాన్య సందర్శకులను రాళ్లనడుమకు పోనీయక, దూరముగ చుట్టివచ్చునట్లు చేసిరి. లక్షలమంది అడుగులు పడినచో నేల నిలువదు గనుక అది తప్పనిసరి. కాని ఆ రాళ్ల చేరువగా ఒక పాత ప్రజామార్గము సాగుచున్నది. నలుగురు బిడ్డలున్న పేద తండ్రి ఆ దారిని నడచుచు, అయిదువేల సంవత్సరముల క్రిందట మొదలైన ఆ కట్టడమును పైకమీయకయే పిల్లలకు చూపగలడు. టిక్కెట్టుగల వింతకును, టిక్కెట్టులేని బాటకును గల తారతమ్యము ఇచ్చట ఒక్కచోటనే కానవచ్చును.

బాటలను వ్యతిరేకించువారి మాటను వినక తప్పదు. వారిది వట్టి స్వార్థము కాదు. తెఱచి విడిచిన ఒక్క గేటువలన రెండు మందలు కలిసిపోవును. విడిచిన కుక్క ఈననున్న గొఱ్ఱెను తఱిమినచో గొఱ్ఱెయు పిల్లయు రెండును దక్కవు. సీసాపెంకు ఆవు కాలిలో దిగును. నిప్పురవ్వ పడినచో ఎండిన పీటునేల దినములతరబడి లోలోపల రగులును. ఇవన్నియు జరిగినవే, జరుగుచున్నవే. 1951లో వెలువడిన గ్రామసీమల ప్రవర్తననియమావళి ఈ తప్పులకే విరుగుడుగా పుట్టినది: గేటు మూయుము, కుక్కను పట్టుకొనుము, చెత్తను ఇంటికి తీసికొనిపొమ్ము. పశువులను తఱిమిన కుక్క యజమానికి జరిమానా విధించు చట్టము 1953లో వచ్చెను. కాని కొందఱి అపరాధమునకు అందఱి బాటను మూయుట చికిత్స కాదు. రోడ్డుపై ఒకడు బండిని వేగముగ తోలెనని రోడ్డును దున్నివేయరు గదా!

బాటలన్నియు మూసినచో ఏమగునో ఇంగ్లండు ఒకమాఱు చూచినది. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వ్యాపించి, 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చెను. వ్యాధి ప్రాకకుండ దేశమందలి కాలిబాటలను చాలవఱకు మూసిరి. అంతట పల్లెలోని సత్రములు, తేనీటి అంగళ్లు, బసలు ఖాళీ పడెను. విహారయాత్రలు ఆగినందువలన కలిగిన నష్టము, వ్యవసాయమునకు కలిగిన నష్టముతో ఇంచుమించు సమానమని లెక్కలు తేలెను. గొఱ్ఱెను మేపి బ్రతుకు పల్లె, నడచివచ్చు కుటుంబమునకు రొట్టె వడ్డించియు బ్రతుకుచున్నదని ఆ యేడు తెలిసివచ్చెను. రైతునకు బాట శత్రువనుట అప్పటినుండి కొంత బలము కోల్పోయినది.

హక్కుల వివాదము ముగిసినదని తలచుటకు వీలులేదు. 2000వ సంవత్సరపు చట్టము కొండలు, బీళ్లు, ఉమ్మడినేలలలో బాట విడిచియు స్వేచ్ఛగా తిరుగు హక్కు నొసగినది. అయినను అట్టి నేల ఇంగ్లండులో నూటికి సుమారు 8 వంతులే. పొరుగున స్కాట్లండు 2003లో చట్టము చేసి, ఇండ్లను పైరులను మినహాయించి ఇంచుమించు నేలయంతటిని, నీటినంతటిని బాధ్యతతో తిరుగువారికి తెఱచినది. స్కాట్లండు విశాలము, జనము పలుచన. ఇంగ్లండు ఇఱుకు, పొలములు దట్టము. కాబట్టి అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి నాటుట వివేకము కాదు. కాని అడవులను, ఏటి ఒడ్డులను మూసియుంచుటకు అంతటి కారణము కానరాదు.

ఇటీవల డార్ట్‌మూరు విషయమున జరిగిన వ్యాజ్యము ఈ సందర్భమున గమనింపదగినది. డెవన్ సీమలోని ఆ బీటిపై, ఆరుబయటి వినోదమునకై కాలినడకను, గుఱ్ఱముపైని పోవు హక్కు జనులకు కలదని 1985వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. వీపున గుడారము మోసికొనిపోయి, ఒక రాత్రి అచ్చట పండుకొని, తెల్లవారి లేచిపోవుట తరతరములుగా పిల్లల వాడుక. నిద్ర వినోదమగునా యని కొందఱు భూస్వాములు ప్రశ్నించిరి. 2023వ సంవత్సరము జనవరిలో ఉన్నతన్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. జూలైలో అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసివేసెను. తుదకు 2025వ సంవత్సరము మే నెలలో దేశపు అత్యున్నత న్యాయస్థానము, గుడారములో పండుకొనుటయు ఆరుబయటి వినోదమేయని ఏకగ్రీవముగ నిశ్చయించెను. నక్షత్రములక్రింద ఒక రాత్రి గడిపిన ఏ బాలుడైనను ఆ సంగతిని న్యాయమూర్తులకు ముందే చెప్పియుండును.

హక్కు కాగితముపై నుండుట వేఱు, అది చేతికందుట వేఱు. 2019లో ప్రభుత్వము జరిపించిన ఒక పరిశీలనలో, పట్టణములలోని పేదలలోను, ఆసియా, ఆఫ్రికా సంతతులవారిలోను అనేకులు ఈ పల్లెసీమలు తమవి కావని భావించుచున్నారని తేలినది. ప్రతి బాలునకును ఒక రాత్రియైన జాతీయోద్యానమున గడుపు అవకాశము కల్పింపవలెనని ఆ నివేదిక సూచించినది. మంచి సూచన, ఖర్చును పెద్దది కాదు. కాని దానికంటె ముందు కావలసినది బస్సు. చాల పల్లెలకు బస్సులు తగ్గిపోయి, కొన్నింటికి ఆదివారమున బొత్తిగ లేకపోయినవి. కారులేని కుటుంబమునకు పచ్చగీతల పటము గోడకు తగిలించు బొమ్మతో సమానము. బాటపై రుసుము లేదని గర్వించు ప్రభుత్వము, బాటవద్దకు చేరుటకు కారు వెలయంత రుసుము పరోక్షముగ వసూలు చేయుచున్నదని గ్రహింపవలెను. బస్సునకు ఇచ్చు సొమ్ము నష్టము కాదు. బాటలను పటమున కెక్కించుటకు పెట్టిన శ్రమ వృథాపోకుండ అది కాపాడును.

కిండర్ స్కౌట్ ఈ విషయమున అదృష్టము గలది. 1894లో వేసిన రైలుమార్గము దాని దక్షిణపు పాదమునందలి ఈడేల్ గ్రామమువద్ద ఆగును. అచ్చటనే పెన్నైన్ వే అను 268 మైళ్ల కాలిబాట మొదలై, దేశమునకు వెన్నెముకవంటి కొండలమీదుగా స్కాట్లండు సరిహద్దువఱకు సాగును. దాని ప్రారంభోత్సవము 1965వ సంవత్సరమున, ఏప్రిలు 24వ తేదీననే జరిగెను. 1982లో కిండర్ స్కౌట్ నేషనల్ ట్రస్టు వశమయ్యెను. మాంచెస్టరునుండియు షెఫీల్డునుండియు వచ్చు ఆదివారపు రైళ్లు ఇంకను ఈడేల్ స్టేషనులో ఆగుచునే యున్నవి. తల్లిదండ్రులు వానకోటులు తొడిగించుచుండగానే పిల్లలు ప్లాట్‌ఫారము చివరవఱకు పరుగిడుదురు.